తమ్ముడు బిగించిన బోల్టు

మా ల్యాబులో ఆమెను అందరూ అద్దాలక్క అనేవారు. కళ్ళకు అద్దాలు పెట్టుకునేది కాదు. ఇనుప ముక్కల్ని అద్దాలు చెయ్యడం ఆమె ఉద్యోగం. ఫ్యాక్టరీ నుంచి అరిగిపోయిందో పగిలిపోయిందో ఏదో ఒక ముక్క వచ్చేది. దాన్ని బొటనవేలంత కోసి, ముందు గరుకు కాగితం మీద, తర్వాత నున్న కాగితం మీద, చివరికి తడిగుడ్డ పరిచి గిరగిరా తిరిగే పళ్ళెం మీద రుద్దేది. అందులో మన మొహం మనకు కనిపించేదాకా వదిలేది కాదు. ఆ తర్వాతే అది మైక్రోస్కోపు కిందికి వెళ్ళాలి. ఒక్క సన్న గీత మిగిలిందంటే మళ్ళీ మొదటికి వచ్చేది.

"గీత ఉంటే చూసేవాళ్ళు ఇనుమును చూడరు, నా బద్ధకాన్ని చూస్తారు" అనేది.

నేను పక్క గదిలో ఉండేవాణ్ణి. నా దగ్గర గడియారం లోలకంలా ఊగే పెద్ద సుత్తి యంత్రం ఉండేది. ముక్కను అడ్డంగా నిలబెట్టి సుత్తిని వదిలితే, అది ఊగుతూ వచ్చి కొడుతుంది. విరగడానికి ఎంత దెబ్బ తిన్నదో పక్కనున్న ముల్లు చూపిస్తుంది. దెబ్బకు ఓర్చే ఇనుము సాగి, వంగి, చీల్చుకుంటూ విరుగుతుంది. ఓర్వలేనిది టప్పున రెండవుతుంది. ఆమె మెరిపించినవాటి జతముక్కల్ని నేను విరగ్గొట్టేవాణ్ణి. "నేను తల దువ్వి పంపిస్తే నువ్వు జుట్టు పట్టుకుని కొడతావేంటయ్యా" అని నవ్వేది.

ఆమె నవ్వు గురించి చెప్పాలంటే ఆమె తమ్ముడి గురించి చెప్పాలి. ఆ నవ్వులో సగం వాడిదే.

వాడు ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఇంట్లో వాణ్ణి చంటి అనేవారు. కోరమీసం వచ్చినా, పెళ్ళయినా, ఆ పేరు పోలేదు. వాడు పాలు మరవకముందే తల్లి పోయింది. అప్పటికి అక్క ఇంకా బడికి వెళ్తోంది. ఒక చంకలో పుస్తకాల సంచీ, ఇంకో చంకలో తమ్ముడు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "వాణ్ణి కాస్త ఎదగనీండి" అనేది. వాడు ఎదిగాడు. ఈలోగా ఆ మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. ఆమె దానికి ఎప్పుడూ మొహం చిన్నబుచ్చుకోలేదు. తమ్ముడికి తనే పిల్లను చూసి పెళ్ళి చేసింది. వచ్చిన మరదలు నెమ్మదస్తురాలు. మాట తక్కువ, పని ఎక్కువ. తండ్రి, అక్క, తమ్ముడు, మరదలు, నలుగురూ ఫ్యాక్టరీ క్వార్టర్లలో రెండు గదుల ఇంట్లో ఉండేవారు.

మా ల్యాబు ఫ్యాక్టరీ ప్రహరీకి ఆనుకునే ఉండేది. మధ్యాహ్నం సైరను మోగగానే చంటి నూనె మరకల బట్టలతో వచ్చి మా వెనక మెట్ల మీద కూర్చునేవాడు. అక్క డబ్బా విప్పేది. ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళు. అక్కడ వాళ్ళు పోట్లాడుకోని రోజు లేదు.

"నీ పని ఏంటక్కా, ఇనుముకి మొహం కడగడమేగా" అనేవాడు వాడు.

"నీ పని మాత్రం ఏంట్రా? బోల్టుల చెవులు మెలిపెట్టడమేగా."

"మెలిపెట్టకపోతే ఫ్యాక్టరీ అంతా కారిపోతుంది తెలుసా?"

"ముందు నీ ముక్కు కారకుండా చూసుకో."

వాడు పగలబడి నవ్వేవాడు. చేతులు కడుక్కునేలోపు ఇంట్లో నీళ్ళ పంపు సంగతో, మరదలికి కొనాల్సిన చెప్పుల సంగతో మాట్లాడుకునేవాళ్ళు. పని గురించి వాళ్ళు మాట్లాడుకున్నదల్లా ఆ ఎకసెక్కాలే. నాకు తెలిసినంతలో అంతకు మించి ఒక్క మాట కూడా లేదు.

వాళ్ళ నాన్న లేతు మీద పనిచేసి రిటైరైన మనిషి. చెయ్యి ఎంత కుదురో నోరు అంత దురుసు. కొడుక్కి పని నేర్పింది ఆయనే. "ఒకడు బిగించిన నట్టు ఇంకొకడు విప్పాలంటే వాడికి చుక్కలు కనపడాలిరా. లేకపోతే అది బిగింపే కాదు" అనేవాడు. పానా పొట్టిదై పట్టు చాలకపోతే దాని కాడకి ఒక గొట్టం తొడిగి, కాడ పొడుగు చేసుకుని, ఒంటి బరువంతా వేసి లాగడం కూడా ఆయన నేర్పిందే. ఫ్యాక్టరీలో అలా చెయ్యకూడదని రూలు. చెయ్యని ఫిట్టరు లేడు.

ఆ ఏడాది మరమ్మతుల కోసం ఫ్యాక్టరీ ఆపారు. అది ముడినూనెను కాచి వేరుచేసే ఫ్యాక్టరీ. ఏళ్ళ తరబడి సలసల కాగుతూ ఉండే గొట్టాలన్నీ ఆ కొద్దివారాలూ చల్లబడతాయి. వాల్వులు విప్పి, కడిగి, మళ్ళీ మూసి బిగిస్తారు. చంటికి, వాడితో జతగా పనిచేసే జోడీకి ఒక పెద్ద వాల్వు పడింది. దాని మూత చుట్టూ వేలెడు లావు బోల్టులు. బోల్టులు పాతవే అయినా మెరుస్తూ ఉన్నాయి, తుప్పు చుక్క కూడా లేదు. వాటినే మళ్ళీ తొడిగారు. ఒకవైపు జోడీ అదిమి పట్టుకున్నాడు. ఇంకోవైపు చంటి పానాకి గొట్టం తొడిగి వెనక్కి వాలి లాగాడు.

బోల్టు విరిగింది. లాగినవాడు లాగినట్టే వెనక్కి పడ్డాడు. వెనక ఇనుప దూలం ఉంది. దాని అంచు మెడ వెనక తగిలింది. జోడీ వెళ్ళి ఎత్తేసరికే అయిపోయింది.

కబురు తెచ్చిన మనిషి తలమీది టోపీ తీసి మా గుమ్మంలో నిలబడ్డాడు. అద్దాలక్క పళ్ళెం ఆపింది. అతని మొహం చూసింది. "ఎవరు?" అని కూడా అడగలేదు. సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి, గోళ్ళ సందులతో సహా కడుక్కుంది. తుడుచుకుంది. అప్పుడు బయల్దేరింది. మేము వెనకాల పరిగెత్తాం. ఆమె మాత్రం నడిచే వెళ్ళింది.

విచారణ ఫ్యాక్టరీ ఆఫీసులోనే జరిగింది. వచ్చిన అధికారి చెడ్డవాడేం కాదు. మంచినీళ్ళు తెప్పించి, అందర్నీ కూర్చోబెట్టి అడిగాడు.

"పానాకి గొట్టం తొడిగాడా?" అని జోడీని అడిగాడు.

జోడీ తల వంచుకున్నాడు. అబద్ధం ఆడటం అతనికి చేతకాదు. "తొడిగాడు సార్. అందరం తొడుగుతాం."

"అంతంత బలం పెట్టి లాగమని ఎవరు చెప్పారు?"

గోడవారగా కూర్చున్న వాళ్ళ నాన్న లేచి నిలబడ్డాడు. "నేను చెప్పాను సార్. చిన్నప్పట్నుంచీ వాడికి అదే నేర్పాను. గొట్టం తొడిగి లాగమని నేనే నేర్పాను."

అధికారి "మీరు కూర్చోండి" అన్నాడు మెల్లగా. హద్దు మీరి బలం వాడటం వల్ల బోల్టు విరిగిందని తేల్చారు. విన్నవాళ్ళందరికీ సబబుగానే అనిపించింది. నాకూ అనిపించింది. అబద్ధం చెప్పుకోవడం ఎందుకు?

ఆ తర్వాత ఆ ఇల్లు ఇల్లులా లేదు. ముసలాయన తన పనిముట్ల పెట్టె మంచం కిందికి తోసేశాడు. తలుపు గడియ మర వదులై ఊగులాడుతున్నా తిప్పలేదు. అన్నం ముందు కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేవాడు. "తిను నాన్నా" అని కూతురు అంటే "ఏ చేత్తో తినమంటావే?" అని ఒకసారి అన్నాడట. ఆ తర్వాత ఆ మాట కూడా లేదు. మరదలు కంట నీరు పెట్టలేదు. పళ్ళు బిగించి చాకిరీ చేసేది. ఉతికిన గుడ్డలే మళ్ళీ ఉతికేది. చుట్టుపక్కలవాళ్ళు "రాతిగుండె" అనుకున్నారు. లోకం నోటికి మూత ఎక్కడుంది?

అద్దాలక్క సెలవు అయిపోగానే పనిలోకి వచ్చింది. ముక్కలు తెచ్చేది, రుద్దేది, ఇచ్చేది. మధ్యాహ్నం సైరను మోగితే నీళ్ళ శబ్దం పెద్దది చేసి ఏదో ఒకటి కడుగుతూ నిలబడేది.

ఇలా కొన్నాళ్ళు గడిచాక ఒక ఉదయం చంటి జోడీ మా ల్యాబుకి వచ్చాడు. మనిషి సగమయ్యాడు. జేబులోంచి గుడ్డ చుట్టిన పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, నా మీద కోపంగా ఉందా?"

"ఉన్నదే చెప్పావు. నీ మీద కోపం ఎందుకయ్యా?"

"అది కాదక్కా. ఇది వాడు లాగినదే, పొడుగు ముక్క. చెత్త కుప్పలో పడేస్తుంటే తెచ్చుకున్నాను. ఎన్ని బోల్టులు తెంచాం మేమిద్దరం! ఎక్కువ లాగితే బోల్టు ముందు సాగుతుంది. చేతికి తెలుస్తుంది, మెత్తబడ్డట్టు. మెడ సన్నబడి అప్పుడు తెగుతుంది. ఆ రోజు అలా లేదు. సుద్దముక్కలా పుటుక్కుమంది. నాకు నిద్ర పట్టట్లేదక్కా."

ఆమె గుడ్డ విప్పింది. విరిగిన ముఖం బల్లపరుపుగా, పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. సన్నబడిన జాడే లేదు. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది. నేను ఆమె మొహం చూస్తున్నాను. రక్తం ఒక్కసారిగా దిగిపోయింది.

"ఇది క్రోమియం ఉక్కు" అంది.

అవునన్నాడు జోడీ. ఆ లైన్లో ఉత్త ఇనుము పెడితే నూనెలోని గంధకం తినేస్తుందని, అందుకే ఆ వాల్వులకి తుప్పు పట్టని రకం వాడతారని చెప్పాడు.

"నడిచేటప్పుడు ఆ వాల్వు ఎంత వేడిగా ఉంటుంది?"

"నాలుగు వందల యాభై, అయిదు వందలు. ఆ మధ్యన ఉంటుందక్కా."

ఆమె కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. నేను జరిపాను.

ఆమె ఎందుకు అలా అయిపోయిందో చెప్పాలంటే మా ల్యాబు పెద్ద గురించి చెప్పాలి. ఆవిణ్ణి మేమందరం మేడమ్ అనేవాళ్ళం. ఇనుము, క్రోమియం కలిసిన లోహాలంటే ఆవిడకు ప్రాణం. చిన్న చిన్న ముక్కల్ని ఫర్నేసులో పెట్టి, ఒకే వేడిలో నెలల తరబడి ఉంచి, ఒక్కొక్కటే తీసి పరీక్ష చేయించేది. ఆ ముక్కలన్నీ మెరిపించింది అద్దాలక్కే. విరగ్గొట్టింది నేనే. ఆ పంచదార తళుకు మా ఇద్దరికీ కొత్త కాదు. ఏళ్ళ నుంచి చూస్తున్నదే.

మేడమ్ వచ్చింది. బోల్టు చివర నుంచి ఒక ముక్క కోయించింది. అద్దాలక్కను ఇంటికి వెళ్ళమంది. ఆమె వెళ్ళలేదు. తమ్ముడి బోల్టును తనే మెరిపించింది. మైక్రోస్కోపులో చూస్తే ఎంత అందంగా ఉందో! ఎక్కడా పగులు లేదు, మచ్చ లేదు. కొత్త ఉక్కు ఎలా ఉంటుందో అలాగే ఉంది. నా సుత్తి మాత్రం దాన్ని తాకీ తాకనట్టు దాటుకుంటూ పోయింది. ముక్క టప్పున రెండైంది, ముల్లు దాదాపు కదల్లేదు. క్రోమియం ఎంతుందో కూడా తేలింది. నూటికి పదిహేడు పాళ్ళు.

జోడీ అక్కడే నిలబడి ఉన్నాడు. "మేడమ్, నాకు తెలిసేలా చెప్పండి. ఏమైంది దీనికి?" అన్నాడు.

"లోపల విడిపోయింది" అంది మేడమ్. "ఇనుములో క్రోమియం కొంచెమే ఉందనుకో, ఆ పరమాణువులు ఒకదానికొకటి ఎడంగా ఉంటాయి. ఒక్కొక్కటీ తన చుట్టూ ఇనుమును పెట్టుకుని ఒక క్రమంలో సర్దుకుంటాయి. నూటికి పది పాళ్ళు దాటిందా, వాటి బుద్ధి మారుతుంది. క్రోమియం పక్కకి క్రోమియం చేరాలని చూస్తుంది. బాగా కాలిస్తే ఆ కుదుపుకి అన్నీ కలగాపులగం అయిపోయి చక్కగా ఉంటాయి. చల్లగా ఉంటే కదలడానికి ఓపిక ఉండదు. ఈ రెండింటికీ మధ్యలో, నాలుగు వందల డెబ్బై అయిదు డిగ్రీల దగ్గర, ఓపికా ఉంటుంది, విడిపోయే బుద్ధీ ఉంటుంది. అక్కడ ఏళ్ళ తరబడి ఉంచితే ఇనుము ఒక గుంపు, క్రోమియం ఒక గుంపు. ఆ గుంపులు మా మైక్రోస్కోపుకి ఆననంత చిన్నవి. బరువు అదే, మెరుపు అదే. సాగే గుణం మాత్రం పోతుంది. వేడిగా ఉన్నన్నాళ్ళూ ఎలాగో నెట్టుకొస్తుంది. చల్లబడ్డాక గట్టిగా లాగితే గాజే."

"అంటే గొట్టం తొడగడం వల్ల కాదా?"

మేడమ్ ఆ ముక్కను చేతిలోకి తీసుకుంది. "గొట్టం తొడగడం తప్పే. కాదనను. కానీ ఆ తప్పుకి మంచి బోల్టు సాగుతుంది, అంతే. మనిషి ప్రాణం తియ్యదు."

జోడీ రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చాడు. అద్దాలక్క ఏడవలేదు. వెనక మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. కాసేపు చూసి నేనూ వెళ్ళాను.

"ఇక్కడే కదయ్యా" అంది నా వైపు చూడకుండా. "ఇక్కడే కూర్చుని తినేవాళ్ళం. నేను పొద్దున్నంతా ఆ ఉక్కునే రుద్ది వచ్చేదాన్ని. వాడు ఆ ఉక్కునే బిగించి వచ్చేవాడు. ఏం రుద్దుతున్నావక్కా అని వాడు అడగలేదు. దేన్ని బిగిస్తున్నావురా అని నేను అడగలేదు. ఒక్క మాట. ఒక్క మాట అనుకుని ఉంటే."

"మీకు ఎలా తెలుస్తుందక్కా?" అన్నాను. అలాంటప్పుడు అందరూ అనే మాటే అది. ఎందుకూ కొరగాలేదు.

మరుసటి రోజు మేడమ్ ఫ్యాక్టరీకి సంగతి చెప్పడానికి బయల్దేరుతుంటే అద్దాలక్క ఆపింది. "ముందు మా నాన్నకి తెలియాలి. నేను చెబితే నమ్మడు. ఆయన చేతికి చెప్పాలి."

ముసలాయన్ని తీసుకురావడం అంత తేలిక కాలేదు. కూతురు బతిమాలింది. చివరికి జోడీ వెళ్ళి దాదాపు ఎత్తుకొచ్చాడు. మా బల్లకి బిగించిన, ముక్కను కదలకుండా పట్టే వైసులో, అదే వాల్వు నుంచి జోడీ తీసి తెచ్చిన ఇంకో బోల్టు పెట్టాం. "వంచండి" అంది మేడమ్, పొడుగాటి గొట్టం అందిస్తూ. ఆయన దాన్ని ముట్టుకోలేదు.  కూతురు ఆయన చెయ్యి పట్టుకుని గొట్టం మీద పెట్టింది. ఆయన తొడిగి, కొంచెం నొక్కాడు. టప్. సగం ముక్క వెళ్ళి గోడకి తగిలింది.

ఆయన ఉలిక్కిపడ్డాడు. విరిగిన చోట బొటనవేలితో రాసి చూశాడు. విచారణ తర్వాత ఆయన మాట వినడం అదే మొదటిసారి మాకు. "ఇది ఉక్కు కాదు" అన్నాడు.

"ఉక్కేనండీ. మంచి ఉక్కే" అంది మేడమ్. ఇంకో బోల్టు తెచ్చి వైసులో పెట్టింది. "ఇది కూడా అదే వాల్వుది. నిన్న ఆరు వందల డిగ్రీల్లో కాసేపు ఉంచి నీళ్ళలో ముంచాం. దీన్ని వంచండి."

అది పచ్చి కొమ్మలా వంగింది. ఆయన ఎంత నొక్కితే అంత వంగింది. ఆయన గొట్టం కింద పడేశాడు. మొహం ఎర్రబడింది.

"నన్ను ఊరడించడానికి ఎక్కణ్ణుంచో కొత్త బోల్టు పట్టుకొచ్చారు. ముసలాణ్ణి కదా అని. నేను చూడని ఇనుమా?"

"నాన్నా, ఒట్టు..." అంది కూతురు.

"ఒట్లొద్దు. వాడు లాగినది ఏది? అది పెట్టండి. నా కళ్ళముందు పెట్టండి."

అద్దాలక్క తన బల్ల సొరుగులోంచి ఆ గుడ్డ పొట్లం తీసింది. ఒక్క క్షణం గుప్పిట్లోనే ఉంచుకుంది. తమ్ముడి చెయ్యి చివరిగా లాగిన వస్తువు అదే. అయినా ఇచ్చింది. మేడమ్ దాన్ని ఫర్నేసులో పెట్టింది. ముసలాయన ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాడు.  టీ తెచ్చిచ్చినా తాగలేదు. తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు కనిపించినంతసేపూ రెప్ప వెయ్యకుండా చూశాడు. సమయం అయ్యాక పటకారు తనే అందుకుని, ముక్కను తనే తీసి నీళ్ళలో ముంచాడు. చుయ్‌మంది. తనే వైసులో బిగించాడు.  

వంచాడు. వంగింది.

ఆయన ఇంకా వంచాడు. ఇంకా వంగింది. కొక్కెంలా అయ్యాక ఆపాడు.

"ఇంతసేపేనా? ఇంతసేపు కాలిస్తే బాగుపడిపోతుందా?"

"అవునండీ."

"ఇది మీకు ముందే తెలుసా?"

మేడమ్ కళ్ళు దించుకుంది. "తెలుసండీ. నేను పుట్టకముందు నుంచీ పుస్తకాల్లో ఉంది. ఫ్యాక్టరీలో ఎవరో ఒకరు చూసుకుంటారని అనుకున్నాం. వాళ్ళు, తుప్పు పట్టలేదు కదా, బాగానే ఉంది అనుకున్నారు."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీకో?"

 నేను ఏదైనా అడ్డం చెప్పేలోపే ఆమె నోరు విప్పింది. 

"తెలుసు నాన్నా" అంది ఆమె. "ఉక్కు సంగతి తెలుసు. వాడి బోల్టు అదేనని తెలీదు."

ముసలాయన ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నాళ్ళూ తను మోసిన బరువు ఇప్పుడు ఎవరి మీద పడిందో ఆయనకు అర్థమైందనుకుంటాను. ఆయన నోటి దురుసు తెలిసినవాణ్ణి కాబట్టి తిట్లు పడతాయనుకున్నాను. ఆయన మాత్రం వైసులోంచి వంగిన బోల్టు విప్పి, తన చొక్కాకే తుడిచి, ఆమె చేతిలో పెట్టాడు.

"పద అమ్మా. ఇంటికి పోదాం. పొద్దుట్నుంచీ నువ్వేమీ తినలేదు."

ఫ్యాక్టరీవాళ్ళు మేడమ్ మాట విన్నారు. ఆ లైన్లో బోల్టులన్నీ తీసేసి ఇంకో రకం వేశారు. తీసినవాటిలో కొన్ని చేతిలోంచి జారి నేల మీద పడితేనే విరిగాయని జోడీ చెప్పాడు. విచారణ చేసిన అధికారి స్వయంగా ఇంటికి వచ్చి, తప్పు బోల్టుదని, కుర్రవాడిది కాదని పెద్దాయనకు చెప్పి, చేతులు పట్టుకున్నాడు.

మరదలు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ఆయన వెళ్ళాక లోపలికి వెళ్ళి గిన్నెలు తోముతూ కూర్చుంది. అద్దాలక్క వెళ్ళి పక్కన కూర్చుంటే, "అయితే ఆయన తప్పు లేదన్నమాట" అంది.

"లేదమ్మా."

"ఉన్నా బావుండేది వదినా." ఆమె చేతిలో గిన్నె అలాగే ఉంది. "ఇన్నాళ్ళూ రోజూ మనసులో తిట్టుకున్నాను. అంత బలం చూపించుకోకపోతే ఏం, ఎవరు మెచ్చుకుంటారని, నా గురించి ఒక్క క్షణం ఆలోచించావా అని. తిట్టుకుంటుంటే ఎదురుగా ఉన్నట్టుండేది. ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?"

అప్పుడు ఏడ్చింది. రాతిగుండె అన్నవాళ్ళు తలుపులు తీసుకుని బయటికి వచ్చి చూసేంతగా ఏడ్చింది. అద్దాలక్క ఆమెను పొదివి పట్టుకుని, తమ్ముణ్ణి చిన్నప్పుడు ఊపినట్టు ఊపిందని జోడీ భార్య మా ఆవిడతో చెప్పింది.

ముసలాయన పనిముట్ల పెట్టె మళ్ళీ బయటికి తీశాడు. ఇంట్లో వదులైనవన్నీ బిగించాడు. కానీ ఆ నోరు మళ్ళీ మునుపటిలా లేవలేదు. ఇంకో రెండు వానాకాలాలు చూసి, ఒక మధ్యాహ్నం కుర్చీలోనే పోయాడు.

అద్దాలక్క మారింది. ఏ ముక్క వచ్చినా "ఇది ఎక్కడ ఉండేది? దీన్ని ఎవరు ముట్టుకుంటారు?" అని అడగకుండా రుద్దేది కాదు. తెచ్చినవాళ్ళు విసుక్కునేవారు. మధ్యాహ్నాలు ఫిట్టర్ల షెడ్డుకి వెళ్ళడం మొదలుపెట్టింది. విరిగిన ముక్కలు సంచీలో వేసుకుని వెళ్ళి, వాళ్ళు తింటుంటే మధ్యలో కూర్చుని చూపించేది. ఇది చూడండి, సాగి తెగింది, ఇది మంచిది. ఇది చూడండి, పంచదారలా ఉంది, ఇలాంటిది కనిపిస్తే ముట్టుకోకుండా మాకు కబురు పెట్టండి. కొందరు వినేవారు. కొందరు "అక్క వచ్చింది, పళ్ళు జాగ్రత్త, విరగ్గొట్టి చూస్తుంది" అని జోకులేసేవారు. ఆమె నవ్వేది. అది పాత నవ్వు కాదు, మర్యాదకు నవ్వే నవ్వు. ఆ తర్వాత ఆ ఫ్యాక్టరీలో అలాంటి ప్రమాదం నేనున్నంతవరకు జరగలేదు. అది ఆమె వల్లేనా అంటే చెప్పలేను. జరగనిదానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

నేను వేరే ల్యాబుకి మారిపోయాను. చాలా ఏళ్ళ తర్వాత పని మీద వెళ్ళి ఆమెను చూశాను. రిటైరై, మరదలితో కలిసి బజారు వెనక సందులో మేడ మీద అద్దెకుంటోంది. మరదలు ఒక బడి ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. ఆమె జుట్టు కూడా నెరిసింది. ఇద్దర్నీ చూస్తే వదినా మరదళ్ళనుకోరు, అక్కచెల్లెళ్ళనుకుంటారు.

కుశలప్రశ్నలయ్యాక అద్దాలక్క అడిగింది. "మీ కొత్తచోట కూడా ఇలాంటివి చూస్తారు కదా. చూసింది ఫిట్టర్లకి చెబుతారా?"

"అప్పుడప్పుడు చెబుతాం అక్కా."

"అప్పుడప్పుడంటే ఎప్పుడు?"

ఆఖరిసారి ఎప్పుడు చెప్పామో గుర్తు తెచ్చుకోబోయాను, గుర్తు రాలేదు.  మరదలు టీ తెచ్చింది. మేడ కప్పు వానకి కారుతోందని, ఇంటివాడికి ఎన్నిసార్లు చెప్పినా చెవిన పెట్టడం లేదని, ముగ్గురం కాసేపు ఆ సంగతే మాట్లాడుకున్నాం.